చక్రానికి మరణశిక్ష

శోణపురపు న్యాయసభ ఆ ఉదయం పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది. నూట ఎనిమిది చందనపు స్తంభాలు. వాటిని పెనవేసుకున్న పగడాల తీగలు. పైకప్పున నెమలి పింఛాల రంగులద్దిన గాజు పలకలు. ఆ పలకల గుండా జారిన ఎండ నేలమీద ఏడు రంగుల ముగ్గులు వేస్తోంది. ఆ ముగ్గుల నడుమ, నేరస్థులు నిలబడే రాతి పీఠం మీద, ఇనుప గొలుసులతో బంధించి ఒక రథచక్రాన్ని నిలబెట్టారు.

దాని పన్నెండు ఆకుల్లో రెండింటి మీద నెత్తుటి మరక ఇంకా చెరగలేదు.

మహారాజు జబ్బుపడి మంచం పట్టినప్పటి నుంచీ ఆ రాజ్యంలో తీర్పులన్నీ ధర్మాధికారి వేదగర్భుడివే. ఆ ముసలాయన తాళపత్రాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకొని చదివాడు.

"ఈ చక్రం నిన్న ఉదయం పూలబజారు మలుపులో, చలివేంద్రం నడిపే హరిణి అనే స్త్రీని తొక్కి చంపింది. మన శిలాశాసనం ప్రకారం చంపింది చక్రం కనుక శిక్ష చక్రానికే. దీన్ని చక్రాల మడుగులో ముంచవలసింది. ముంచే బాధ్యత దాన్ని తయారుచేసినవాడిది. రథానికి కొత్త చక్రం చేసి ఇవ్వవలసిన బాధ్యత కూడా అతనిదే."

తయారుచేసినవాడు పీఠం పక్కనే చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. పేరు కుంతలుడు. రాజధానిలో అతని చేతి చక్రానికి సాటి లేదు. చనిపోయిన హరిణి అతని అక్క. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆమే.

"అయ్యా, అక్కను పోగొట్టుకున్నవాణ్ణి నేను. శిక్ష కూడా నాకేనా?" అన్నాడు కుంతలుడు.

"నీకు కాదు నాయనా, చక్రానికి."

"చక్రం తనంతట తాను దొర్లిందా అయ్యా?"

వేదగర్భుడు నిట్టూర్చాడు. చెడ్డవాడు కాదు. శాసనంలో ఉన్నది మాత్రమే చూడగలిగిన మంచివాడు. "దొర్లించినవారికి పగ ఉండాలి. తెలిసి చంపితేనే హత్య, పగ లేనిదే ఎవరూ తెలిసి చంపరు. మీ అక్క మీద యువరాజులవారికి పగ ఎందుకుంటుంది? ఆమె ఎవరో కూడా వారికి తెలియదే!"

యువరాజు ప్రచండుడు పట్టుదిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నిన్నటి గొడవలో అతని బొటనవేలు గీరుకుందట. ఆస్థాన వైద్యుడు దానికి తేనె రాసి పట్టుగుడ్డ కడుతున్నాడు.

"దైవ నిర్ణయం ధర్మాధికారీ!" అన్నాడు ప్రచండుడు ఆవులిస్తూ. "ఆమె ఆయువు అంతే రాసి ఉంది. నేను నిమిత్తమాత్రుణ్ణి."

కుంతలుడు విశ్వకర్మకు దీపం పెట్టనిదే ఉలి ముట్టనివాడు. దేవుడి మీద భారం వేయడం అతనికి తెలుసు. కానీ తాను చేసిన పనిని దేవుడి మీద వేయడం ఏ పురాణ కాలక్షేపంలోనూ వినలేదు.

"దేవుడు మా అక్క నుదుట ఏం రాశాడో నాకు తెలియదు యువరాజా. మీ చేతికి కొరడా ఇచ్చింది మాత్రం ఆయన కాదు."

సభలో గుసగుసలు లేచాయి. భటులు రెండడుగులు ముందుకు వేశారు. వేదగర్భుడు చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

కుంతలుడు దాన్ని పట్టించుకోలేదు. రాత్రంతా కన్నీళ్ళు మింగుతూ అతను పట్టుకున్న పోగు ఒకటుంది. "అయ్యా, శిక్ష పడ్డవాడు అదే రోజు సూర్యాస్తమయంలోగా తన మాట చెప్పుకోవచ్చని శాసనంలో ఉందంటారు. నిజమేనా?"

"నిజమే. పదకొండో పంక్తి."

"మరి ఈ చక్రానికి ఆ హక్కు ఉందా, లేదా?"

ధర్మాధికారి గడ్డం గోక్కున్నాడు. ఒక తాళపత్రం తీశాడు, పెట్టాడు, ఇంకొకటి తీశాడు. "నలభై ఏళ్ళుగా తీర్పులు చెబుతున్నాను. ఈ మాట ఎవ్వరూ అడగలేదు. ఉం... ఉంది. నేరస్థుడన్నాక ఉండాలి గదా!"

ప్రచండుడు పకపకా నవ్వి తొడ చరిచాడు. "చక్రం మాట్లాడుతుందట! రేపు నా చెప్పులు కూడా సభకు వచ్చి సాక్ష్యం చెబుతాయి కాబోలు!"

"చెబితే తీర్పు మారుతుందా అయ్యా?" కుంతలుడు చూపు మరల్చలేదు.

"చక్రం నిర్దోషి అని తేలితే దోషం దాన్ని దొర్లించినవారిది అవుతుంది. తెలిసి దొర్లించారని తేలితే అది హత్యే. హత్యకు శిక్ష అందరికీ ఒక్కటే."

యువరాజు నవ్వు సగంలో ఆగిపోయింది.

"అయితే ముందు మాట్లాడించనివ్వండి. తర్వాతే ముంచుతాను."

"అలా కుదరదు," అన్నాడు వేదగర్భుడు నొచ్చుకుంటూ. "ముంచడం తొమ్మిదో పంక్తి. మాట చెప్పుకోవడం పదకొండో పంక్తి. ముందుదాన్ని వెనక్కి జరిపే అధికారం నాకు లేదు."

"మునిగినవాడు మాట్లాడేదెలాగయ్యా?"

"అది పన్నెండో పంక్తిలో ఉండి ఉంటుంది నాయనా. అక్కడ రాయి విరిగిపోయింది."

కుంతలుడికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పీఠం ఎక్కి గొలుసులు విప్పి, తన చేత్తో చెక్కిన చక్రాన్ని తానే భుజానికెత్తుకొని బయటికి నడిచాడు. అతను గడప దాటక ముందే ప్రచండుడు భటనాయకుణ్ణి చెవి దగ్గరికి పిలిచాడు. "వాడు పోనీ. తిరిగి మాత్రం నగరంలోకి రాకూడదు."

చక్రాల మడుగు నగరానికి రెండు క్రోసుల దూరాన, ఇప్పచెట్ల అడవి నడుమ ఉంది. రెండు కంచరగాడిదలు కట్టిన బండి మీద చక్రాన్ని వేసుకొని కుంతలుడు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. నల్లకలువల మధ్య నీళ్ళు నూనెలా నిశ్చలంగా ఉన్నాయి. ఒడ్డున ఎండ కాచుకుంటున్న మొసళ్ళు దుంగల్లా పడి ఉన్నాయి. పైన ఒక్క పక్షి కూడా ఎగరడం లేదు.

శాసనం చెప్పినట్టే చక్రాన్ని నీళ్ళలోకి దొర్లించాడు. అది బుడబుడమంటూ మునిగింది. తొమ్మిదో పంక్తి పూర్తయింది. "విశ్వకర్మా, నీ దయ!" అని ఉలిని పళ్ళ మధ్య కరిచిపట్టుకొని దాని వెనకే తనూ దూకాడు.

దుంగల్లో రెండు కదిలాయి. మొదటి మొసలి నోరు తెరుచుకొని మీదికి రాగానే కుంతలుడు ఉలిని దాని దవడల మధ్య నిలువుగా ఇరికించాడు. అది నోరు మూయలేక గిరగిరా తిరిగింది. రెండోది తోకతో కొట్టిన దెబ్బకు అతను సుడిగుండంలో పడి, గిరికీలు కొడుతూ అడుక్కు జారిపోయాడు.

అడుగున నీళ్ళు లేవు! పలుచని పచ్చని వెలుగు మాత్రం ఉంది. ఊపిరి ఆడుతోంది. కనుచూపు మేర చక్రాలే. నిలబడ్డవి, ఒరిగినవి, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. వాటి నడుమ, నాచు జడలు మోకాళ్ళ దాకా వేలాడుతున్న ఒక స్త్రీ చీపురు పుచ్చుకొని ఊడుస్తోంది. ఆమె నడుము కింద వెండి పొలుసులు మిలమిల మెరుస్తున్నాయి. ఆమె ఆ మడుగును కాపలా కాసే జలకంఠి.

"ఇంకొకటా!" అని చీపురు నేలకేసి కొట్టింది. "నేను మీకేం అపకారం చేశాను? ఇది నా ఇల్లు. మూడు వందల ఏళ్ళుగా మీ నగరం నుంచి చక్రాలు తెచ్చి నా నట్టింట్లో పడేస్తున్నారు. కాలు పెట్టే చోటు లేదు. పిల్లలకు ఆడుకునే చోటు లేదు. నువ్వెవడివి? చక్రంతోబాటు నిన్ను కూడా పడేశారా?"

"నేనే వచ్చాను తల్లీ. ఈ చక్రం చేసింది నేనే."

"అయితే నా ప్రశ్నకు జవాబు చెప్పు. తప్పితే మొసళ్ళకు ఫలహారమవుతావు." చీపురుతో చుట్టూ చూపించింది. "ఇన్ని చక్రాలున్నాయి. వీటిలో మనిషిని చంపింది ఏది?"

కుంతలుడు ఒక్కొక్క చక్రాన్నీ చూశాడు. టేకువి, మద్దివి. కొన్ని తాతల నాటి పని. ఏ చక్రం చూసినా ఏ వడ్రంగి ఎన్ని రోజులు కూర్చుని చేసుంటాడో అతనికి తెలుస్తోంది.

"ఒక్కటి కూడా కాదు," అన్నాడు.

జలకంఠి చేతిలోని చీపురు జారిపోయింది. "ఎంతమంది మునిగారో, ఎంతమంది వచ్చారో! అందరూ ఏదో ఒక చక్రాన్ని చూపించినవాళ్ళే నాయనా." ఆమె గొంతు మెత్తబడింది. "నీకేం కావాలి?"

"నా చక్రం ఏం చూసిందో సభలో చెప్పాలి."

"ఇక్కడ చెవి ఆనిస్తే నీకొక్కడికి వినబడుతుంది. బయట నలుగురికీ వినబడాలంటే దానికి గొంతు కావాలి. నా దగ్గర గొంతు లేదు, నీ దగ్గర ఉంది. పొద్దు గుంకేదాకా ఆ గొంతు మీ ఇద్దరిదీ. ఆలోగా చక్రం సభలో తన మాట చెబితే నీ గొంతు నీది. లేకపోతే అది చక్రంలోనే ఉండిపోతుంది. జన్మంతా మూగవాడివై బతకాలి. ఇష్టమేనా?"

"ఇన్నాళ్ళూ మా ఊళ్ళో నోరున్నవాళ్ళందరూ చేసిందేముంది తల్లీ! తీసుకో."

జలకంఠి వేలితో అతని కంఠాన్ని తాకి, చక్రం నడిమి దిమ్మను తాకింది. దిమ్మ వెచ్చబడింది. కుంతలుడు దానికి చెవి ఆనించాడు. మొదట గుర్రపు డెక్కల చప్పుడు. తర్వాత సన్నగా, కొయ్య కిర్రుమన్నట్టుగా మాటలు.

"ఇరుసు గంటల్లో గుడ్డలు కుక్కారు, పందెంలో పక్క రథానికి మా రాక తెలియకూడదని. మలుపు దగ్గర, రథంలో పక్కనున్న యువరాజు నేస్తగాడు అరిచాడు, 'ఎవరో నీళ్ళబిందెతో ఉంది, పగ్గం లాగు' అని. పగ్గం లాగలేదు. కొరడా రెండుసార్లు పడింది. యువరాజు అన్నాడు, 'తప్పుకుంటుందిలే' అని."

కుంతలుడు చాలాసేపు చెవి తీయలేదు. తప్పుకుంటుందిలే. పగ లేదు. చంపాలనీ లేదు. ఆమె బతికితే బతుకుతుంది, చస్తే చస్తుంది, తన పందెం మాత్రం ఆగకూడదు. దీనికి శాసనంలో పేరు లేకపోతే, పాపం లేనట్టేనా?

"ఏడుపు తర్వాత ఏడవచ్చు," అంది జలకంఠి. "పొద్దు ఆగదు." ఆమె తోక ఒక్క విసురు విసిరింది. కుంతలుడూ చక్రమూ చిమ్మనగ్రోవిలోని నీళ్ళలా పైకెగిరి ఒడ్డున పడ్డారు.

నగర ద్వారం దగ్గర ప్రచండుడి భటులు కాపలా ఉంటారని అతనికి తెలుసు. దారిలో ఒక రైతుకు తన చేతి వెండి మురుగు ఇచ్చి బండెడు గుమ్మడికాయలు తీసుకున్నాడు. చక్రాన్ని బండి అడుగున పరిచి కాయలు దాని మీద పేర్చాడు. జనపనార గడ్డం అంటించుకున్నాడు, నుదుట బూడిద పూసుకున్నాడు, నడుము వంచాడు. కంచరగాడిదలు కూడా అతన్ని గుర్తుపట్టలేనట్టు చెవులు రిక్కించాయి.

"ఆగు తాతా! ఎక్కడికి?" ద్వారం దగ్గర ఈటె అడ్డం పెట్టాడు ఒక బొద్దుమీసాల భటుడు.

"అమ్మవారి గుడికి బాబూ. ఇవాళ జలాభిషేకం గదా! సంతర్పణకు కాయలు."

"ఇన్ని గుమ్మడికాయలా? ఎవరి పాదులో కొట్టుకొచ్చావు?"

కుంతలుడి చెయ్యి కోపంతో లేవబోయింది. తమాయించుకొని వీపు గోక్కున్నాడు. "దొంగిలించాలంటే బంగారం దొంగిలిస్తారు గానీ, ఈ బరువు ఎవడు మోస్తాడు నాయనా, నడుం విరగనూ!"

భటులు నవ్వారు. బొద్దుమీసాలవాడు ఒక కాయ తీసి చంకన పెట్టుకొని, "మా ఆవిడకు పులుసంటే ప్రాణం. పో పో," అన్నాడు. బండి కదిలింది. అంతలో అతనే, "ఓయ్ తాతా! ఈ గుమ్మడికాయలు ఏడుస్తున్నాయేమిటి?" అన్నాడు.

బండి అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి. మడుగు చక్రం ఇంకా తడారలేదు. వెనక నల్లటి చార, దుమ్ములో పాములా, అడవిదాకా సాగి ఉంది.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదు. కుంతలుడు గడ్డం పీకి పారేసి పగ్గాలు ఝాడించాడు. కంచరగాడిదలు వెర్రెత్తినట్టు పరుగెత్తాయి. "చక్రం! చక్రం తెచ్చాడు!" అని భటులు కేకలు పెట్టారు. కొమ్ము ఊదారు. ద్వారం పక్కనే నాలుగు తెల్ల గుర్రాల మరో రథంలో కాచుకొని ఉన్న ప్రచండుడు ఒక్క ఉదుటున బయలుదేరాడు. ఈ రథానికి కూడా గంటలు మోగడం లేదు.

కోట దాకా రాజవీధి మొత్తం పల్లం. కంసాలి వీధి దాటాడు. కుంకుమ అంగళ్ళు దాటాడు. ఎర్రటి పొడి గాలిలోకి లేచింది. పొద్దు కోట బురుజు మీదికి వాలింది. చెయ్యెత్తి కొలిస్తే జానెడు లేదు. ముందు కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ లోపలే సభ. వెనక గుర్రాల రొప్పు వినబడుతోంది.

సరిగ్గా అప్పుడు పక్క సందులోంచి అమ్మవారి జలాభిషేకానికి వెళ్ళే ఆడవాళ్ళు వీధిలోకి వచ్చారు. నూరుమంది దాకా ఉంటారు. నెత్తిన బిందెలు, బిందెల్లో వేపమండలు, నోట పాట. బిందె తొణక్కుండా చూపు ముందుకే నిలిపి నడుస్తున్నారు.

"తప్పుకోండి! అమ్మా, తప్పుకోండి!" అని అరిచాడు కుంతలుడు. పాటలో ఆ కేక కలిసిపోయింది. అతని చేతిలో కొరడా పైకి లేచింది. పొద్దు గుంకితే గొంతు పోతుంది, అక్క చావు మడుగులో కలిసిపోతుంది. దూసుకుపోతే చాలు. తప్పుకుంటారులే...

తన మనసులో మెదిలిన మాట ఎవరిదో గుర్తుకొచ్చేసరికి అతని ఒళ్ళు జలదరించింది.

కొరడా పారేసి పగ్గాల మీద వెనక్కి వాలిపోయాడు. అరచేతులు చీలి నెత్తురు కారింది. కంచరగాడిదలు పక్కకు తిరిగాయి. బండి ఒక పక్కకు లేచి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, పెద్ద చప్పుడుతో బోర్లాపడింది. గుమ్మడికాయలు వీధంతా దొర్లిపోయాయి. ముందు వరసలోని ముసలమ్మ బిందె అంచుకు జానెడు దూరంలో ఒకటి వచ్చి ఆగింది. చక్రం మాత్రం ఎగిరి వెనకవైపు పడి, వీధికి అడ్డంగా, రెండు బండరాళ్ళ మధ్య నిటారుగా ఇరుక్కుంది.

ప్రచండుడి రథం వస్తూనే ఉంది. కుంతలుడు లేచి, చక్రానికీ ఆడవాళ్ళకూ మధ్య చేతులు చాచి నిలబడ్డాడు. గుర్రాల నోటి నురగ కనబడుతోంది. యువరాజు చూపు అతని మీద పడింది, కొరడా లేచింది. అంతలో ఆ చూపు కిందికి జారి, ఇనుప పట్టా వేసిన చక్రం మీద పడింది. ఆ వేగంలో దానికి తగిలితే ఇరుసు విరిగి రథం ముక్కలవుతుంది.

ప్రచండుడు పగ్గాలు లాగాడు. నాలుగు గుర్రాలూ వెనకకాళ్ళ మీద లేచి, సకిలించి, చక్రానికి నాలుగు బారల ఇవతల నిలిచిపోయాయి.

వీధిలో పాట ఆగింది.

"ఆగింది!" అన్నాడు కుంతలుడు. ముందు మెల్లగా, తర్వాత గొంతు చించుకొని. "చూశారా అమ్మా! ఆగింది! కొయ్యచక్రం అడ్డమొస్తే ఆగింది! దీన్ని గుద్దితే రథం విరుగుతుంది. మా అక్కను గుద్దితే ఏం విరుగుతుంది?" ప్రచండుడి వైపు తిరిగాడు. "ఆపడం వచ్చు యువరాజా మీకు. బాగా వచ్చు."

యువరాజు ముఖం తెల్లబోయింది. మరుక్షణం కత్తి దూశాడు. "వాణ్ణి పట్టుకోండి! కొమ్ము ఊది కోట తలుపులు మూయించండి! పొద్దు గుంకేదాకా ఆ చక్రం కదలకూడదు!"

కొమ్ము మోగింది. వెనకనుంచి భటులు ఈటెలతో పరుగెత్తుకొచ్చారు. కుంతలుడు చక్రానికి భుజం ఆనించి తోశాడు. రాళ్ళ మధ్యనుంచి అది కదల్లేదు. పొద్దుతోబాటు అతని గొంతు కూడా సన్నగిల్లుతోంది.

ముందు వరసలోని ముసలమ్మ బిందె దించింది. ఆమె నేతపేట అరుంధమ్మ. "మూడేళ్ళ కిందట నా కొడుకును తొక్కేసిన చక్రం కూడా ఆ మడుగులోనే ఉంది నాయనా," అంది. "అప్పుడు చక్రానికి శిక్ష వేశారంటే, చేతులు జోడించి ఇంటికెళ్ళిపోయాను. ఏం అడగాలో తెలియలేదు." కొంగు నడుముకు బిగించి, వచ్చి తనూ భుజం ఆనించింది. "తొయ్యి."

వెనక ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బిందెలు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే వచ్చి భటులకు అడ్డంగా నిలబడ్డారు. "అమ్మవారి నీళ్ళు, తాకితే కళ్ళు పోతాయిరోయ్!" అందొకావిడ. బొద్దుమీసాల భటుడు చంకలో గుమ్మడికాయతో సహా ఆగిపోయాడు. మరో పదిమంది చక్రం ఆకులు పట్టుకున్నారు. ఒక్క ఊపు. రెండు. మూడో ఊపుకు రాయి పెళ్ళగిలింది, చక్రం నిలబడింది, పల్లానికి దొర్లింది.

కుంతలుడు దాని పక్కనే పరుగెత్తాడు. వెనక ప్రచండుడు, బోర్లాపడ్డ బండి దారికి అడ్డం కావడంతో, రథం దిగి, కత్తితో కంచరగాడిదల పగ్గాలు కోసి ఒకదాని మీదికి ఎక్కుతున్నాడు. బురుజు మీద పొద్దు గోరంత మిగిలింది. కోట తలుపులు కిర్రుకిర్రుమంటూ దగ్గరవుతున్నాయి. వాటి మధ్య సందు ఇప్పుడు సరిగ్గా ఒక చక్రం పట్టేంత ఉంది.